ఎవరి పెరటి చెత్త వారి పెరట్లోనే

మా మరిది జన్మలో గెలిచిన తగాదా ఒక్కటే. అది నేను కళ్ళారా చూశాను. ఆ గెలుపే తర్వాత అతని కొంప ముంచింది కాబట్టి ముందు అదే చెప్పాలి.

మా వీధి చివర, రోడ్డు కల్వర్టు దాటే చోట, ఎవరికీ చెందని ఖాళీ జాగా ఒకటి ఉంది. పట్నం నుంచి ఒక ట్రాక్టరు వచ్చి అక్కడ చెత్త కుమ్మరించి, అగ్గిపుల్ల గీసి, వెనక్కి చూడకుండా పోయేది. అందులో ఉండనిది లేదు. నరికేసిన కొమ్మలు, చిరిగిన పరుపులు, రంగు డబ్బాలు, రబ్బరు గొట్టాలు. ఆ పొగ నల్లగా, జిడ్డుగా ఉండేది. ఆరేసిన చీర మీద పడితే ఉతికినా పోయేది కాదు. ఊళ్ళో ముక్కు మూసుకుని తిట్టినవాళ్ళే తప్ప ఎదురెళ్ళి అడిగినవాళ్ళు లేరు.

ఒకనాడు పొద్దున్నే ఆ ట్రాక్టరు చెత్త దింపి, నిప్పు పెట్టి వెనక్కి తిరుగుతుండగా మా మరిది తన తోపుడు బండిని రోడ్డుకు అడ్డంగా పెట్టి దాని మీద కూర్చున్నాడు. కాళ్ళు ఊపుకుంటూ, ఎవరికోసమో ఎదురు చూస్తున్నవాడిలా.

"బండి తియ్యి పెద్దాయనా" అన్నాడు డ్రైవరు.

"తీస్తా. నువ్వు దింపింది ముందు ఎక్కించు."

"ఇదేమన్నా నీ అబ్బ జాగానా?"

"మా అబ్బదే అయితే నువ్వు ఇక్కడిదాకా వచ్చేవాడివా? కల్వర్టు దగ్గరే కాళ్ళు విరగ్గొట్టేవాడు. నేను కాబట్టి కూర్చుని మాట్లాడుతున్నా."

డ్రైవరు హారన్ కొట్టాడు. మావాడు చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. పాలు పోయించుకోవడానికి వచ్చినవాళ్ళూ, పిల్లల్ని బడికి దింపేవాళ్ళూ ఒక్కరొక్కరే ఆగారు. నేను గిన్నె పట్టుకునే నిలబడిపోయాను.

"తొక్కించమంటావా?" అన్నాడు డ్రైవరు.

"తొక్కించు. బండి విరిగితే ఆ కట్టెలు కూడా నువ్వే ఎక్కించుకుపోవాలి మరి."

జనం నవ్వారు. ఎవరో ఫోన్ చేస్తే ఊరి ఆఫీసు పెద్దాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ స్కూటరు మీద వచ్చాడు. అప్పుడు మా మరిది బండి మీద లేచి నిలబడి, నలుగురికీ వినబడేలా అన్నాడు: "ఎవరి పెరట్లో పుట్టిన చెత్త వాళ్ళ పెరట్లోనే కాలాలి. శుభ్రం మీకూ, పొగ మాకూనా? అదెక్కడి న్యాయం?"

డ్రైవరు ఊరి ఆఫీసు పెద్దాయన వైపు చూశాడు. ఆయన ఎక్కించుకుపొమ్మని చెయ్యి ఊపాడు. డ్రైవరూ, అతని వెంట వచ్చిన కూలీ కలిసి సగం కాలిన చెత్తను పారతో ఎత్తి, నీళ్ళు చల్లి, దగ్గుతూ, తిరిగి ట్రాక్టరుకు ఎక్కించుకుపోయారు. ఊరంతా చప్పట్లు కొట్టింది.

అంత మాట అన్నవాడు నిలబడ్డ బండిలో రోజూ ఎవరి చెత్త పోతోందో, ఎక్కడికి పోతోందో ఆ గుంపులో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. నోరున్నంత మాత్రాన బుర్ర ఎప్పుడూ దాని వెంటే నడవదు.

మా మరిది అంటే మా ఆయనకు ఆఖరి తమ్ముడు. నేను కాపురానికి వచ్చేసరికి నిక్కరుకు తాడు బిగించుకుని తలుపు చాటున నిలబడేవాడు. నాతో మాట్లాడిన మొదటి మాట, "వదినా, నీకు చెట్టెక్కడం వచ్చా?" అని. రాదన్నాను. "అయితే నీతో ఏం పని" అని వెళ్ళిపోయాడు. అప్పటి నుంచీ ఆ మనిషితో నాకు ఇదే తంతు.

ఏ పనిలో పెట్టినా నిలవలేదు. బేకరీలో పెడితే రొట్టెలు మాడ్చాడు. బస్సు మీద క్లీనరుగా పెడితే, దిగాల్సిన ముసలమ్మను కబుర్లలో పెట్టి రెండు ఊళ్ళు దాటించాడు. కట్టెల అడితిలో చేరాడు, అక్కడ యజమానికే బేరం నేర్పబోయాడు. చివరికి ఒక పాత తోపుడు బండి, ఒక పెద్ద కత్తెర, ఒక కొడవలి కొనుక్కుని, "నేనింక ఎవడి కిందా చెయ్యను" అన్నాడు. ఇంటింటికీ పోయి కంచెలు కత్తిరించడం, కొమ్మలు కొట్టడం, ఆకులు ఊడవడం, ఆ చెత్తంతా బండికెత్తి తీసుకుపోవడం. అదీ పని. ఇచ్చింది తీసుకునేవాడు. జనానికి ఇంతకన్నా ఏం కావాలి. వాళ్ళ పెరళ్ళు అద్దాల్లా మెరిసేవి.

ఆ చెత్త పోయేది మాత్రం మా వైపుకే. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఇల్లు రెండు చేశారు. ముందు సగం మాకు, వెనక సగం అతనికి. మధ్యలో నా భుజాల ఎత్తు గోడ. గోడకు అవతల అతని పెరడు, ఇవతల నా పెరడు. ఊరందరి కొమ్మలూ రెమ్మలూ ఎండుటాకులూ ఆ పెరట్లోకి చేరేవి. ఎండినంత ఎండాక, మంచు ఆరాక, గాలి లేని పూట చూసి కాల్చేవాడు. ఒకేసారి కుప్పకు నిప్పు పెట్టేవాడు కాదు. చేతికందినంత తీసి వేస్తూ, పక్కన నీళ్ళ గొట్టం పెట్టుకుని, బోర్లించిన బాల్చీ మీద కూర్చునేవాడు. బూడిద చల్లారేదాకా లేచేవాడు కాదు.

అగ్గిపుల్ల గీసే ముందు మాత్రం గోడ మీంచి తల పెట్టేవాడు. "వదినా, బట్టలు తీసుకో."

సగం జీవితం ఈ మాటతోనే గడిచింది నాకు. తడిబట్టలు ఆరేసి, చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళానో లేదో, "వదినా, బట్టలు తీసుకో." జ్వరంతో పడుకున్నా, చుట్టాలున్నా అదే పాట. ఒకసారి చెప్పడం మరిచిపోయి నా దండెం కర్ర కాల్చాడు. ఇంకోసారి కనుబొమ్మలు కాల్చుకుని, గుడ్డులా మొహం పెట్టుకుని భోజనానికి వచ్చాడు. ఊళ్ళో అతనికి పొగబండి అని పేరు పెట్టారు. పిల్లలు కూత పెట్టేవాళ్ళు. అతనూ తిరిగి కూత పెట్టేవాడు. పెళ్ళెందుకు చేసుకోవయ్యా అంటే, "నా చొక్కా వాసన ఎవత్తె భరిస్తుంది వదినా" అనేవాడు. ఆ చొక్కాలు ఇన్నేళ్ళూ ఉతికింది ఎవరో అతనికి గుర్తున్నట్టు లేదు.

ట్రాక్టరు తగాదా తర్వాత ఊరి ఆఫీసువాళ్ళు, ఫైరాఫీసువాళ్ళు కలిసి ఆరుబయట చెత్త కాల్చడానికి కట్టుబాట్లు తయారు చేశారు. బడి గదిలో మీటింగు పెట్టారు. ఫైరాఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పొట్టి జుట్టు, పెద్ద బూట్లు, మెత్తటి గొంతు. పిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డాలకు తగులుతుండగా కూర్చుని విన్నాం.

ఆకులు, గడ్డి, కొమ్మలు తప్ప ఇంకేమీ కాల్చకూడదు. ప్లాస్టిక్కు, రబ్బరు, రంగు వేసిన చెక్క అసలు పనికిరావు. పొద్దుటి పూటే కాల్చాలి. ఆ పొద్దున ఫైరాఫీసుకు ఫోన్ చేసి అడగాలి, గాలి ఉంటే వాళ్ళు వద్దంటారు. నీళ్ళు దగ్గరుండాలి, మనిషి దగ్గరుండాలి, బూడిద చల్లారేదాకా కదలకూడదు. ఎండలు ముదిరే నెల మొదలైతే మళ్ళీ వానలు పడేదాకా నిప్పు మాటే ఎత్తకూడదు.

ఒక్కొక్క మాటకీ మా మరిది తల ఊపుతున్నాడు. తనే రాసిచ్చినట్టు. "చూశావా, నేను చేసేదే" అని నా పక్కటెముకల్లో మోచేత్తో పొడుస్తున్నాడు.

చివరికి ఆ అమ్మాయి అంది: "ఏ పెరట్లో పుట్టిన చెత్త ఆ పెరట్లోనే కాల్చాలి. బయటి నుంచి తెచ్చి కాల్చడం నేరం. ఈ మాట మాది కాదు, ఈ ఊరి పెద్దాయన ఒకరు అన్నదే. మాకు నచ్చి అలాగే పెట్టుకున్నాం." అని మా మరిది వైపు చెయ్యి చూపించింది. మళ్ళీ చప్పట్లు. ఈయన లేచి నిలబడి అన్ని వైపులకూ దండం పెట్టాడు.

ఇంటికి నడిచొస్తుంటే అతని కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

"నా నోటి మాట చట్టమైంది వదినా. మన వంశంలో ఎవరికన్నా దక్కిందా ఈ గౌరవం?"

"దక్కలేదు. మన వంశంలో నోరు అదుపులో ఉన్నవాళ్ళే పుట్టారు. సరే గానీ, మరి నీ బండి సంగతేంటి?"

"నా బండికేమైంది?"

"నువ్వు తెచ్చి కాల్చేది ఎవరి పెరట్లో పుట్టిందయ్యా?"

ఆగాడు. నా వైపు జాలిగా చూశాడు, మూడో తరగతితో బడి మానేసినదాన్ని ఇంతకన్నా ఏం అడుగుతానన్నట్టు. "అది బయటివాళ్ళకు వదినా. నేను ఊళ్ళోవాణ్ణి. నా మాట నాకెలా తగులుతుంది?"

తన మాట తనకు తగలదని నమ్మే మనుషులు మా ఇంట్లో మగవాళ్ళందరూ.

ఆ ఏడాది వానలు వెళ్ళిపోతూ పోతూ ఒక పెద్ద గాలిని వదిలి వెళ్ళాయి. ఊళ్ళో కొమ్మ విరగని పెరడు లేదు. అందరూ పొగబండి కోసం కబురు పెట్టినవాళ్ళే. మందుల షాపాయన ఇంట్లో నీలగిరి చెట్టు నిలువునా పడింది. రిటైరైన టీచరమ్మ గులాబీ పందిరి, తీగలతో సహా, వరండా మీదికి వాలింది. కోళ్ళఫారం ఆయన వెదురు కంచె మొత్తం పడుకుంది. మా మరిది ఊపిరి సలపకుండా తిరిగి, కొట్టి, మోసి, తెచ్చి పెరట్లో పడేశాడు. పచ్చికొమ్మలు కాలవు కాబట్టి ఎండనిచ్చాడు. గుట్ట గోడ దాటింది. నా వంటింటి కిటికీ లోంచి ఆకాశం కనిపించడం మానేసి కొమ్మలు కనిపించసాగాయి.

అది సరిగ్గా ఎండేసరికి ఫైరాఫీసు అమ్మాయి వచ్చింది. ఊళ్ళో పెరళ్ళన్నీ చూసి పోతోందట. గుట్ట చూసి టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

"బాబాయిగారూ, ఇదంతా మీ పెరట్లోదేనా?"

"నా పెరట్లోనే ఉంది కదమ్మా" అన్నాడు.

"ఇక్కడ పుట్టిందా అని అడుగుతున్నా. మీ పెరట్లో ఒక్క చెట్టు కూడా లేదే."

నిజమే. ఊరందరి చెట్లూ కత్తిరించేవాడి పెరట్లో ఒక్క చెట్టూ ఉండేది కాదు. బండి తిప్పుకోవడానికి అడ్డమని అన్నీ కొట్టేశాడు.

"ఊళ్ళోవాళ్ళదమ్మా. నేను చాలా ఏళ్ళ నుంచి..."

"తెలుసు బాబాయిగారూ. కానీ ఇది ఇక్కడ కాల్చడానికి నేను అనుమతి ఇవ్వలేను. మీరన్న మాటే కదా." ఆ అమ్మాయికి కూడా బాధగానే ఉంది పాపం, బూటుతో నేల గీస్తోంది. "ఎండలు ముదిరాక ఇంత ఎండిన గుట్ట ఇంటి గోడకు ఆనుకుని ఉండకూడదు. ఈలోగా తీయించెయ్యండి. లేకపోతే మీకు బండి తిప్పుకోవడానికిచ్చిన అనుమతి ఊరి ఆఫీసువాళ్ళు రద్దు చేస్తారు. ఆపడం నా చేతుల్లో లేదు."

"ఎక్కడికి తీయించమంటావ్?" అన్నాను నేను గోడ ఇవతలి నుంచి.

"పుట్టిన చోటికి మామ్మగారూ."

పట్నం చెత్త యార్డువాళ్ళను అడిగి చూశాడు. "మీ ఊళ్ళో పుట్టింది మీ ఊళ్ళోనే కాల్చుకోండి పెద్దాయనా" అన్నారట వాళ్ళు. పళ్ళికిలించి మరీ అన్నారట. ట్రాక్టరు డ్రైవరు కూడా అక్కడే ఉండి టీ తాగుతున్నాడట. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో అంతవరకూ నాకు వినికిడే. ఇప్పుడు గోడ అవతల రోజూ చూస్తున్నాను.

ఆ తర్వాత మా మరిది బండి ఎక్కించుకుని ఇంటింటికీ బయల్దేరాడు. ఎవరి కొమ్మలు వాళ్ళకు ఇచ్చెయ్యడానికి. ఏ కొమ్మ ఎవరిదో అతనికి మాత్రం ఏం తెలుసు? నీలగిరి, వెదురు లాంటివి తెలుస్తాయి. మిగతాదంతా కలగాపులగమే. అయినా ఉజ్జాయింపుగా వేసుకుని పోయాడు. వద్దంటున్నా వినకుండా నేనూ వెంట పోయాను. ఎందుకంటే ఈయన ఏం మాట్లాడతాడో నాకు తెలుసు.

మందుల షాపాయన గేటు దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇదేంటయ్యా, తీసుకుపోవడానికి కదా నిన్ను పిలిచింది."

"చట్టం మారిందండీ. మీది మీ పెరట్లోనే కాలాలి. నేనే దగ్గరుండి కాలుస్తాను, మీరు కుర్చీలోంచి లేవక్కర్లేదు."

"మొన్ననే గోడలకు రంగు వేయించాను. పొగ పట్టదూ?"

"మరి మా గోడలకు పట్టలేదా ఇన్నేళ్ళూ?"

"మీ గోడలకు రంగెక్కడ ఉందయ్యా?"

నేను నోరు తెరిచేలోపే మా మరిది తెరిచాడు. చట్టం ఏం చెబుతోందో, ఆ మాట ఎవరన్నదో, బడి గదిలో ఎవరికి చప్పట్లు కొట్టారో మొత్తం ఏకరువు పెట్టాడు. మందుల షాపాయన ఓపికగా విని, "అయితే మీ చట్టం మీరే చూసుకోండి. ఈ కొమ్మలు మావని రుజువేంటి?" అని గేటు వేసుకున్నాడు. పడిన నీలగిరి మొద్దు ఆయన వెనకే, తెల్లగా, బల్లలా కనిపిస్తోంది. చెట్టు ఉండేదన్న ఆ రుజువు మీదికే ఆయన పోయి కూర్చుని పేపరు తెరిచాడు.

టీచరమ్మ మర్యాదస్తురాలు. కూర్చోమంది, మంచినీళ్ళు ఇచ్చింది. బండిలోకి తొంగి చూసి, "మా గులాబీలకు ఇంత ముళ్ళుండవండీ" అంది. ముల్లు లేని గులాబీ ఎక్కడ దొరుకుతుందమ్మా, మాకూ ఒక అంటు ఇవ్వండి అన్నాను. ఆమె నవ్వి, ఆస్తమా అంది. ఆస్తమా ఆమెకుందో, ఆమె కోడలికుందో, కుక్కకుందో చెప్పలేదు. గేటు దాకా సాగనంపి, మేము మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది. కొమ్మ ఒక్కటీ దింపనివ్వలేదు.

కోళ్ళఫారం ఆయనకు మేమంటే భయం. మమ్మల్ని చూసి వెనక గుమ్మంలోంచి పోయాడు. వాళ్ళావిడ వచ్చి, "ఆయన లేరు, వెదురు ఆయనది, నాకేం తెలియదు" అంది. పెళ్ళయ్యాక వెదురు ఒకరిదీ కోళ్ళు ఒకరివీ అవుతాయని నాకు అంతవరకూ తెలియదు.

ఇలా వీధి వీధీ తిరిగాం. ఇల్లు ఇల్లుకూ ఒక్కో సాకు. ఒకరు వాకిట్లో స్కూటరు అడ్డమన్నారు, ఒకరు పిల్లలు అడ్డమన్నారు, ఒకరు ఎదురింటివాళ్ళు దింపించుకుంటే మేమూ దింపించుకుంటాం అన్నారు. ఎదురింటికి పోతే వాళ్ళూ అదే మాట. ఇంటింటి దగ్గరా మావాడు గొంతు పెంచుతాడు, ఇంటింటి దగ్గరా మాటల్లో పైచెయ్యి తనదే అవుతుంది. గేటు మాత్రం మూసుకుంటుంది. ఆనాడు ట్రాక్టరును తిప్పి పంపినవాడు ఇప్పుడు నిండు బండిని తనే వెనక్కి తోసుకొస్తున్నాడు.

"నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారయ్యా" అన్నాను దారిలో.

"నువ్వా చెప్పేది?"

"నేనే చెప్పాలి. ఆ ఊరు ఎలా ఉంటుందో చూడనిదాన్ని కాబట్టి."

అంతటి చికాకులోనూ నవ్వాడు.

నిజం చెప్పాలంటే నా ఒళ్ళు మండింది ఊళ్ళోవాళ్ళ మీద కంటే ఆ చప్పట్ల మీద. ఆ రోజు కల్వర్టు దగ్గర చప్పట్లు కొట్టిన చేతులే ఇప్పుడు గేటు గడియలు పెడుతున్నాయి. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు. ఎవరికీ పొగ వద్దు, ఎవరికీ చెత్త వద్దు. చెత్త పుట్టించడానికి మాత్రం అందరికీ చెట్లు కావాలి, నీడ కావాలి, పువ్వులు కావాలి. ఆ మిగతా సంగతి చూసుకోవడానికి గోడ అవతల ఒక బుర్రలేనివాడు ఉండాలి. ఆ గోడకు ఇవతల ఒక పిచ్చిది బట్టలు తీసుకుంటూ ఉండాలి.

ఎవరో ఒకరు ఒప్పుకుంటారేమో, పొద్దుటే కాల్చడానికి అనుమతైనా సిద్ధంగా ఉంచుకుందామని నేను రోజూ ఫైరాఫీసుకు ఫోన్ చేయడం మొదలుపెట్టాను.

"ఈ రోజు గాలి మామ్మగారూ, వద్దు" అనేది ఆ అమ్మాయి.

"మీ ఆఫీసులో ఫ్యాను తిరుగుతోందేమో చూడమ్మా. ఇక్కడ ఆకు కదలట్లేదు."

"మధ్యాహ్నానికి లేస్తుందట."

"మధ్యాహ్నానికి నేను లేస్తానో లేదో చెప్పగలవా?"

"మీరు లేస్తారు మామ్మగారూ. రేపు పొద్దున్నే మళ్ళీ నాకే ఫోన్ చేస్తారు" అని నవ్వేది. తిట్టడానికి కూడా పట్టు ఇవ్వని పిల్ల. అలాంటివాళ్ళతో నాకు పడదు.

రోజులు గడిచేకొద్దీ గుట్ట పెళపెళలాడసాగింది. ఎండ తగిలితే చాలు, లోపలెక్కడో కొమ్మలు చిట్లిన చప్పుడు వినిపించేది. నేను వంటింటి కిటికీ మూసేసి, చెమటలు కక్కుతూ వండాను. మా మరిది భోజనానికి వచ్చేవాడు కానీ తినేవాడు కాదు. అన్నం కలుపుతూ కూర్చునేవాడు. కబుర్లు లేవు. కంచెలు కత్తిరించడానికి కబురు వచ్చినా పోవడం లేదు. పోయి ఏం చెయ్యాలి, తెచ్చి ఎక్కడ పెట్టాలి.

"బండి పోతే ఏం చేస్తావయ్యా?" అని ఉండబట్టలేక అడిగాను.

"బేకరీకి పోతా" అన్నాడు. రొట్టెలు మాడ్చి పడేసిన బేకరీ మూతపడి చాలా ఏళ్ళైంది.

ఇంకెవరి కింద పని చెయ్యనని చెప్పి కొన్న బండి అది. దాని చక్రానికి నూనె తను పెట్టుకోవాలి, పిడికి గుడ్డ తను చుట్టుకోవాలి, ఇంకొకరు ముట్టుకుంటే కోపం. అది పోతే ఈ మనిషికి ఇంకేమీ లేదు. ఇది నాకు తెలుసు, అతనికీ తెలుసు. అందుకే ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. ఊళ్ళోవాళ్ళను మాత్రం తిట్టాను. నీళ్ళ దగ్గర తిట్టాను, కొట్టు దగ్గర తిట్టాను, గాలిలోకి కూడా తిట్టాను. ఎవరికీ తగల్లేదు. నా తిట్లు ఊళ్ళో అందరికీ గడియారం గంటల్లా అలవాటైపోయాయి. కొట్టినప్పుడు వింటారు, ఆగాక మరిచిపోతారు.

ఎండల నెల రేపో మాపో అనగా ఒక పొద్దున్నే గేటు చప్పుడైంది. అప్పుడే పెరడు ఊడ్చి, నీళ్ళు చల్లి నిలబడ్డాను. నా పెరడు గురించి ఒక మాట చెప్పాలి. ఊళ్ళో ఇంత శుభ్రమైన పెరడు లేదు. నడవడానికి రాళ్ళు పరిపించుకున్నాను, వాటికి సున్నం వేస్తాను. ఒక నిమ్మచెట్టు, ఒక మల్బరీ, దండెం. రాలిన ఆకు సాయంత్రం దాకా నేల మీద ఉండనివ్వను. నా పెరట్లో పొగ పుట్టనివ్వలేదు, గోడ మీంచి వచ్చేది చాలని.

గేటు బయట మా మరిది ఉన్నాడు. బండి ఉంది. బండిలో కొమ్మలున్నాయి. నిమ్మముళ్ళు, మల్బరీ రెమ్మలు, పైన నా పాత కంచె తాలూకు ఎండుతీగ. గాలివానకు విరిగినవి. మొదటి రోజే వచ్చి, వదిన కదా అని ఒక పైసా కూడా తీసుకోకుండా ఎత్తుకుపోయినవి.

చేతిలో చీపురు అలాగే పట్టుకుని గేటు ఇవతల నిలబడ్డాను. తెరవలేదు.

"నా దగ్గరికొచ్చావా చివరికి" అన్నాను.

"మొదట రావాల్సింది. నీ పెరడు చూసి ధైర్యం చాల్లేదు."

"ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?"

"రాలేదు. బండి వచ్చింది, దాన్ని పట్టుకుని నేనొచ్చాను." మొహం తుడుచుకున్నాడు. "వదినా, వాళ్ళందరితో నేను వాదించి చూశాను. నేను చెప్పింది తప్పని ఒక్కరూ అనలేదు. దింపించుకోలేదు, అంతే. ఎవరో ఒకరు ముందు దింపించుకోవాలి. అది నువ్వయితేనే మిగతావాళ్ళకు సాకు ఉండదు."

"మరిది కోసం చేసిందంటారు. నాలుగు రోజులు మెచ్చుకుని, వాళ్ళ గేట్లు వాళ్ళు వేసుకుంటారు."

"అందుకే ఇప్పుడు కాదు. ఇప్పుడు వీధిలో ఎవరూ లేరు" అన్నాడు. గొంతు తగ్గించి, పక్కింటి కిటికీల వైపు చూసి, బండి పిడి మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు. "కుళాయి నీళ్ళ వేళకు మళ్ళీ వస్తా. మందుల షాపాయన, టీచరమ్మ, అందరూ బిందెలతో బయట ఉంటారు. ఫైరాఫీసు అమ్మాయినీ రమ్మన్నాను. అప్పుడు ఇక్కడే ఆపుతాను. నువ్వు మెత్తగా తీసుకున్నావంటే నా కోసమనుకుంటారు. తిట్టి తీసుకున్నావంటే న్యాయం కోసమనుకుంటారు. కాబట్టి నీ నోటికేదొస్తే అది తిట్టు. నా పుట్టుక తిట్టు, నా బండి తిట్టు, ఆ పాడు మాట ఎందుకన్నానో అది తిట్టు. 'ఇవి నా ఇంటి కొమ్మలే, నా పెరట్లోనే కాలతాయి, పొగ నేనే పీలుస్తాను, నీకేంట్రా మధ్యలో' అని తిట్టు. బండి ఖాళీ అయ్యేదాకా ఆపకు వదినా. గేటు మాత్రం తెరిచి తిట్టు."